ఈతకొలను మూసిన నెలలలో



గోదావరీ తీరమునుండి యొక సోదరి క్రిందటి నెలలో జాబు వ్రాసిరి. ఆమెకు ముప్పదియెనిమిదేండ్లు. ఆమె కుమారుడు పసితనమున కాలువరేవులో జారిపడగా, గట్టున నున్న తాను కేకలు వేయుట తప్ప మరేమియు చేయలేకపోయిరట. ఎవరో దుమికి బిడ్డను పైకి దీసిరి. ఆనాటి భయము మనసున నాటుకొని, నిరుడు పట్టణములోని ఈతకొలనులో స్త్రీలకు కేటాయించిన వేళకు పోయి, ఎనిమిది నెలలలో ఈత నేర్చిరి. ఇరువదియైదు మీటర్ల కొలనును ఆగక పదిమార్లు దాటు స్థితికి వచ్చునప్పటికి మరమ్మతుల పేరిట కొలను మూసివేసిరి. మరల నెప్పుడు తెరతురో చెప్పువారు లేరు. "నేర్చినదంతయు నీళ్లపాలగునా? అందాక మా ఊరి కాలువలో దిగి సాధన చేయవచ్చునా?" అని ఆమె యడిగిరి.

రెండవ ప్రశ్నకు ముందుగా బదులు చెప్పెదను: కూడదు. కొలనులో నేర్చినది నిలువనీటి యీత. కాలువ యడుగున గుంటలుండును, రేవుమెట్లు పాచిపట్టియుండును, లాకులెత్తినంతనే నీటి వడి మారును. ఇవన్నియు కొలనులో నేర్చినవారికి క్రొత్తవి. తోడు లేక దిగుట మరియు సాహసము. ఆనాడు కుమారునికి వచ్చిన యాపద నేడు తల్లికి రారాదు గదా!

మొదటి ప్రశ్నకు నా యనుభవమే చెప్పెదను. 2020 మార్చిలో కోవిడు కారణమున దేశమందలి ఈతకొలనులు మూతపడెను. ఆ యేటి అక్టోబరులో పోటీలకు సిద్ధపడు క్రీడాకారులకు మాత్రము తెరచుట కనుమతి కలిగెను. తక్కినవారు 2021 ఫిబ్రవరివరకు వేచియుండవలసివచ్చెను. ఆ నెలలన్నియు నేను వంటయింటికిని వసారాకును నడుమనే గడపితిని. తిరిగి నీట దిగిననాడు చేతులును కాళ్లును తమ పని తామే చేసికొనిపోయినవి గాని, రెండవమారు దాటకమునుపే దమ్ము చాలక గోడ పట్టుకొని వగర్చితిని. ప్రక్కనున్న పన్నెండేండ్ల పిల్ల కిసుక్కున నవ్వినది కూడ.

ముగ్గు పెట్టు చేయి ముగ్గును మరువనట్లే ఈదిన దేహము ఈతను మరువదు. తగ్గునది దమ్ము. సాధన మానిన రెండు మూడు వారములలోనే దేహమందలి రక్తద్రవము కొంత తగ్గి, గుండె ఒక్కొక్క కొట్టునకు పంపు రక్తము తక్కువగును. కండల బలము అంత త్వరగా పోదు. నెలవరకు చాలభాగము నిలుచును. కనుక ముందు దమ్మును, తరువాత భుజములను కాపాడుకొనవలెను.

దమ్మునకు వడిగా నడచుటకంటె సులభమైనది లేదు. ఇరుగుపొరుగుల కబుర్లతో సాగు నడక గాదు. ఒక మాట చెప్పి ఊపిరికై ఆగవలసినంత వడి యుండవలెను. దినమున కరగంట, వారమున కయిదు దినములు చాలును. మోకాళ్లు బాగుగ నున్నవారు మేడమెట్లెక్కుటయు, త్రాడాటయు చేర్చుకొనవచ్చును.

అయితే ఈతలో ఊపిరితీరు వేరు. మొగము నీట నుంచి ముక్కుతోను నోటితోను మెల్లగా విడువవలెను. ప్రక్కకు త్రిప్పి నోటితో చటుక్కున పీల్చవలెను. ఇది గంగాళములో నేని, వెడల్పయిన బేసినులో నేని సాధింపవచ్చును. దానిని బల్లపై నుంచి, నడుము వంచి, మొగము ముంచి బుడగలు పోవునట్లు విడుచుచు, ఒకమారు కుడికి, ఒకమారు ఎడమకు త్రిప్పి పీల్చుడు. ఇరువదిమార్లు చాలును. పని ముగిసినంతనే నీరు పారబోయుడు. ప్రాకాడు బిడ్డలకు జానెడు నీరును ప్రమాదమే. ఊపిరి బిగబట్టి యెంతసేపుండగలమో చూతమను పందెము మాత్రము వలదు. గబగబ పీల్చి విడిచి, పిదప నీటిలో బిగబట్టుట మిక్కిలి యపాయము. అట్లు చేసినచో రక్తములోని బొగ్గుపులుసు వాయువు తగ్గిపోయి, ఊపిరికై తహతహ పుట్టకమునుపే స్మృతి తప్పవచ్చును. గట్టి యీతగాండ్రును ఇట్లు ప్రాణములు కోల్పోయిరి.

ఇక భుజములు. మన అమ్మమ్మలు గిలకబావినుండి చేదతో నీరు తోడినప్పుడు పనిచేసిన వీపుకండలే ఈతలో నీటిని వెనుకకు లాగును. గిలకలను మరల తెండని నేననను. కొళాయి సుఖము నాకును ఇష్టమే. ఆటవస్తువుల దుకాణములలో దొరకు సాగెడి రబ్బరు పట్టీని కిటికీ ఊచకు చుట్టి, రెండు కొనలు పట్టి, నడుము ముందుకు వంచి, మోచేతులు పైకుండగా అరచేతులను తొడలవరకు లాగుడు. పదిహేను లాగుల చొప్పున మూడు విడతలు. తిరిగి విడుచునప్పుడు మెల్లగా విడువవలెను. కండ బడలిన ఫరవాలేదు గాని, కీలులో పొడిచినట్లున్నచో ఆపివేయుడు.

నడుమునకు శలభాసనము మంచిది. వజ్రాసనమున మడమలపై కూర్చుండుట చీలమండలకు మేలు. కాలు నీటిలో తెడ్డువలె నాడవలెనన్న పాదము వెనుకకు బాగుగ చాపబడవలెను. కుర్చీల కలవాటుపడినవారి చీలమండలు బిగిసి, ఆ పాదమే నీటి కడ్డుపడును.

వయసును గూర్చి ఆమె సంకోచము వెలిబుచ్చిరి. సామర్లకోటకు చెందిన గోలి శ్యామలగారు నలుబదేండ్లు దాటిన పిదప ఈత నేర్చి, 2021 మార్చిలో సుమారు 30 కిలోమీటర్ల పాక్ జలసంధిని 14 గంటలలోపున ఈది దాటిరి. మనకు పది పొడవులు చాలును.

కొలను తెరచిననాడు పదిమార్లు దాటుదునని పంతము పట్టవలదు. నాలుగుమార్లు, ఒక్కొక్కదాని పిదప గోడ పట్టుకొని నిలిచి, ఈదుడు. రెండు మూడు వారములలో మెల్లమెల్లగా పెంచుడు. రక్తపుపోటో, గుండెజబ్బో కలవారు ఇందేదియు మొదలిడకమునుపే వైద్యుని యడుగవలెను. గోదావరి సోదరీ, తెరచినపిదప మొదటినాడు ఎన్ని పొడవులు దాటితిరో నాకు తప్పక వ్రాయుడు.