బొడ్డు కోసే తొందరెందుకు?

బొడ్డుతాడులో రెండు ధమనులు, ఒక సిర ఉంటాయి. బిగుసుకొమ్మని ఆదేశించే నరాలు మాత్రం అందులో దాదాపు ఉండవు. అయినా కాన్పు తర్వాత ఆ నాళాలు వాటంతటవే మూసుకుంటాయి.

ఇదంతా రసాయనాల పని. గర్భంలో ఉన్నన్నాళ్లూ ప్రోస్టాసైక్లిన్, నైట్రిక్ ఆక్సైడ్ నాళాలను వదులుగా ఉంచుతాయి. బిడ్డ ఊపిరి తీయగానే రక్తంలో ఆక్సిజన్ పెరుగుతుంది, తాడుకు చల్లగాలి తగులుతుంది. సెరటోనిన్, థ్రాంబాక్సేన్, ఎండోథెలిన్ వంటివి కండరాన్ని బిగిస్తాయి. సాధారణంగా ధమనులు ముందు ముడుచుకుంటాయి, సిర కాస్త ఆగుతుంది. ఆ వ్యవధిలో మాయలోని రక్తం బిడ్డకు చేరుతుంది. తాడును వేళ్లతో పట్టుకుంటే కొట్టుకోవడం నెమ్మదించి, అది తెల్లబడి మెత్తబడటం తెలుస్తుంది.

పుట్టగానే తాడుకు క్లిప్పు వేస్తే ఆ రక్తం, అందులోని ఇనుము మాయలోనే మిగిలిపోతాయి.

వెంటనే కృత్రిమ శ్వాస అవసరమైన శిశువులను మినహాయిస్తే, కనీసం ఒక నిమిషం ఆగాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. తెలంగాణలో 6 నుంచి 59 నెలల పిల్లల్లో దాదాపు 70 శాతం మందికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. పైసా ఖర్చు లేని ఈ జాగ్రత్తను ఎందుకు వదులుకోవాలి?

మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. ఈ మూడు జిల్లాల ప్రసూతి గదుల్లో పుట్టిన సమయం పక్కనే క్లిప్పు వేసిన సమయాన్నీ కేసు షీటులో రాయడం తప్పనిసరి చేయాలి. వైద్య విద్యార్థులకు, నర్సులకు మొదటి రోజు నుంచే అది అలవాటు కావాలి.