మందుబిళ్లా, కందిపప్పూ

పరిశోధన అనగానే గాజుగొట్టాలూ, తెల్లకోట్లూ, అర్థంకాని అంకెలూ కళ్లముందు మెదులుతాయి. మన నెల్లూరు ప్రాంతపు పల్లెల్లో జరిగిన ఒక పరిశోధనలో ముఖ్యమైన సరంజామా ఏమిటో తెలుసునా? నెలకు కిలో మినుములు, కిలో కందిపప్పు! నవ్వకండి. లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో నర్సింగు ఆచార్యురాలిగా వుండిన అడెలైన్ నియమతి, ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థకు చెందిన డాక్టరు సంజీవ్ సిన్హా, మరికొందరూ కలిసి చేపట్టిన పని అది. జబ్బు హెచ్.ఐ.వి.

ఆ పేరెత్తితే మన ఇళ్లలో ఇప్పటికీ గొంతు తగ్గిపోతుంది. మనకేమీ దూరపు జబ్బు కాదది. మన దేశంలో దాని జాడ మొట్టమొదట 1986లో బయటపడింది మద్రాసులోనే. నెల్లూరులో పొద్దున్నే రైలెక్కితే భోజనాల వేళకు చేరే ఊరు. కనిపెట్టినవారూ ఆడవాళ్లే: మద్రాసు వైద్య కళాశాలలో డాక్టరు సునీతి సోలమన్, ఆవిడ శిష్యురాలు నిర్మల. తరువాత మందులు వచ్చాయి. 2004 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వం వాటిని ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. కాని ఆ బిళ్లలు జ్వరం మాత్రల వంటివి కావు. రోజూ వేసుకోవాలి, బతికినన్నాళ్లూ వేసుకోవాలి. మధ్యమధ్య మానేస్తే లోపలి క్రిమి ఆ మందుకు లొంగకుండా పోతుంది. ఆపైన ఖరీదైన వేరే మందు వెతుక్కోవాలి.

మందు ఉచితమే గదా, ఇంకేం కావాలి అంటాం మనం. ఈ పరిశోధకులు చేసిన మంచిపని ఏమిటంటే, ఆ ప్రశ్న మనలాంటివాళ్లను అడగలేదు. జబ్బుతో వున్న పల్లెటూరి స్త్రీలనే కూర్చోబెట్టి అడిగారు: "మీకు అడ్డేమిటి?" అని. వచ్చిన జవాబుల్లో వైద్యశాస్త్రం తక్కువ, సంసారం ఎక్కువ. ఆస్పత్రి దూరం. బస్సుకు డబ్బుల్లేవు. పిల్లల్ని ఎవరు చూస్తారు? నీరసం, లేవలేకపోవడం. అన్నిటికన్నా, ఎవరికైనా తెలిసిపోతుందేమోనన్న గుబులు. విడవలూరు వైపో, అల్లూరు వైపో సముద్రపు ఒడ్డు పల్లెలో ఒక ఇల్లాలు "ఊళ్లో పనుంది" అని నెలనెలా బస్సెక్కితే, ఏం పనని అడగని అమ్మలక్క వుంటుందా చెప్పండి!

అందుకని ఆశా కార్యకర్తను తోడిచ్చారు. 2005 నుంచి ఊరూరా వున్న ఆ ఏర్పాటును చూసి అల్లిన పథకమే ఇది. ఆవిడ ఇంటికి వచ్చి పలకరిస్తుంది, మందు వేసుకున్నారా అని అడుగుతుంది, అవసరమైతే ఆస్పత్రికి వెంట వెళుతుంది. ఆడవాళ్లందరినీ చేర్చి జబ్బు సంగతి, పిల్లల పెంపకం, తిండి, దిగులు పోగొట్టుకునే దారి, చివరికి కుట్లూ అల్లికలూ కూడా మాట్లాడుకునేట్టు చేశారు. దానితోపాటే ఆ పప్పూ, మినుములూ.

మొదటి విడతలో 68 మంది. సగం మందికి ఈ ఏర్పాటు, సగం మందికి మామూలు వైద్యసాయం, ఆరు నెలలు. ఫలితాలు 2012లో అచ్చయినాయి. తోడు దొరికినవాళ్లు మందు మానకుండా వేసుకోవడం బాగా హెచ్చింది, దిగులు తగ్గింది, రక్తంలో రోగనిరోధక కణాల లెక్క పెరిగింది. తరువాతి విడతలో 600 మంది స్త్రీలను నాలుగు జట్లు చేశారు. ఈసారి ఆశా తోడు అందరికీ వుంది. కొందరికి తిండి గురించిన బోధన, కొందరికి తిండే, కొందరికి రెండూ.

"ఇది మా అమ్మమ్మ చెప్పిందే, దీనికి అమెరికా నుంచి రావాలా?" అనే పాఠకులుంటారు. నిజమే. కాని అమ్మమ్మ మాటకు ఆస్పత్రి రిజిస్టరులో గడి లేదే! కొలిచి చూపిస్తేనే గాని సర్కారు ఖజానా తాళం తీయదు. ఆ మొదటి విడతలో పప్పు దొరకని సగం మందిని తలుచుకుంటే నాకు మనసు చివుక్కుమంటుంది. అయినా వాళ్లు లేకపోతే, మేలు చేసింది తోడో, కాలమో తేలేది కాదు. ఆ రుణం ఎవరు తీర్చాలన్నది మాత్రం పరిశోధకులు తప్పించుకోరాని ప్రశ్న.

ఇంకొక చిక్కు. పప్పు ఇంటికి వస్తుంది, తినేదెవరు? మన ఇళ్లలో ఇల్లాలు అందరికీ వడ్డించి, గిన్నె అడుగున మిగిలిన చారుతో లేస్తుంది. "ఇది అమ్మ మందు" అని చెప్పి, సున్నుండ చేసి ఆవిడ చేతిలోనే పెట్టాలి కాబోలు.

గుట్టు సంగతికి చట్టం వుంది. 2017లో చేసి, 2018 సెప్టెంబరు 10 నుంచి అమలులోకి తెచ్చారు. తెలియజెప్పి, ఒప్పుకోలు తీసుకోకుండా హెచ్.ఐ.వి. పరీక్షగాని, ఆ రోగులమీద పరిశోధనగాని చెయ్యరాదు. ఒకరి జబ్బు సంగతి వారి అనుమతి లేకుండా మరొకరికి చెప్పరాదు. మంచి చట్టమే. కాని గుమ్మంలో అడుగుపెట్టే ఆశా కార్యకర్త నోరు ఎంత గట్టిదన్నదానిమీదే అది నిలబడుతుంది. అందుకే ఆవిడ శిక్షణ మీద ఒక్క రూపాయి కూడా తగ్గించకూడదంటాను.

ఈ మందు వాడేవారికి ఆంధ్రప్రదేశ్‌లో నెలనెలా పింఛను వుంది. సంతోషం. దానితోపాటు మందు ఇచ్చే బల్లమీదనే రెండు కిలోల పప్పు కూడా ఇస్తే, బయటికి వెళ్లేటప్పుడు ఆవిడ చేతిలో సంచీ చూసి అడిగినవాళ్లకు "పప్పండీ" అని చెప్పుకోవచ్చు గదా.