గుర్రానికి వంశవృక్షం, సైసుకు పేరే లేదు

మా బడిలో ఆరో తరగతి పిల్లవాడొకడు రోజూ మొదటి పీరియడ్‌లో నిద్రపోతాడు. కొట్టేవాళ్ళం కాదుగానీ కసురుకునేవాళ్ళం. ఒకనాడు దగ్గర కూచోబెట్టుకుని అడిగితే చెప్పాడు: "నాయిన నాలుగు కొట్టకముందే పోతడు సార్. అమ్మకు పానం బాగుంటలేదు. చెల్లెకు బువ్వ నేనే పెట్టొస్త." నాయిన ఏం పని చేస్తాడంటే "గుర్రాల పని" అన్నాడు. తరగతంతా నవ్వింది. మేమూ నవ్వాం. దాచుకోవడమెందుకు? వెట్టి చేసిన తాతల ఇంట్లోంచి మొట్టమొదట బి.ఏ. గడప తొక్కిన మాకు కూడా గుర్రమంటే పెళ్ళి ఊరేగింపో, సినిమాలో దొరగారో గుర్తొస్తారు తప్ప, దాని వెనకాల లద్దె ఎత్తే మనిషి గుర్తుకు రాలేదు.

అందుకే చూడబోయాం. ఏ ఊరు, ఏ ట్రైనరు అన్నది రాయం. రాస్తే రేపు అతని పని పోతుంది.

రేసు గుర్రాన్ని చూసుకునేవాణ్ణి సైసు అంటారు. తబేలాలో అతని రోజు చీకట్లోనే మొదలవుతుంది. వెళ్ళగానే చూసేది తొట్టి. రాత్రి వేసిన దాణా మిగిల్చిందా? మిగిల్చిందంటే గుర్రానికి ఏదో బాగాలేదు. తర్వాత లద్దె చూస్తాడు. కడుపునొప్పి వస్తే గుర్రం గంటల్లో చచ్చిపోతుంది, దానికి కక్కడం చేతకాదు. తర్వాత నాలుగు కాళ్ళూ అరచేత్తో పైనుంచి కిందిదాకా తడుముతాడు. మోకాలి కింది నరం దగ్గర వేడి తగిలిందా, ఆ రోజు పరిగెత్తించకూడదు. డాక్టరు మిషను పెట్టి కనుక్కునేదాన్ని ఈయన అరచెయ్యి ముందే చెప్తుంది. ఇదంతా చీకట్లో, లైటు సరిగ్గా లేని కొట్టంలో.

ఆ తర్వాత లద్దె ఎత్తడం, పడక మార్చడం, ఖరారాతో రుద్దడం, డెక్కల్లో ఇరుక్కున్న మట్టి తియ్యడం, జీను కట్టడం. రైడింగ్ బాయ్ ఎక్కి ట్రాకు మీదికి తీసుకుపోతాడు. పరిగెత్తి వచ్చిన గుర్రం ఒళ్ళు చల్లారేదాకా నడిపించాలి, కడగాలి, మాలిష్ చెయ్యాలి, కాళ్ళకు పట్టీలు చుట్టాలి, దాణా పెట్టాలి. మధ్యాహ్నం దాటాక మళ్ళీ ఇదే. ఒక్కొక్కరికి రెండు మూడు గుర్రాలు. ఒక్కోటి నాలుగైదు క్వింటాళ్ళ బరువు, ఉలిక్కిపడే రకం. మేము మాట్లాడిన వాళ్ళంతా మాల మాదిగలు, పేద ముస్లింలు. దాణా ఓట్లు, తవుడు, బార్లీ, క్యారెట్లు, లూసర్న్ గడ్డి. (మన ఉలవలకు ఇంగ్లీషువాడు గుర్రం పేరే పెట్టాడు. వాటితోనే మనం గుడాలు చేసుకుని పెరిగాం. ఆ తొట్టి ముందు నిలబడి చూస్తే, గుర్రాలు మనకంటే ముందుకు పోయినట్టే ఉంది.)

ఇక ఆ జీను, కళ్ళెం, పగ్గాలు తోలువి. తోలు ఊనిన చేతులు ఎవరివో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. తోలు ముట్టినవాణ్ణి ఊరవతల ఉంచినవాడు, ఆ తోలు మీదెక్కి కూచుంటే మాత్రం మైల అంటదు!

సైసు గుర్రాన్ని కడగొచ్చు, నడిపించొచ్చు, ఎక్కకూడదు. ఈ ముక్క అతను మామూలుగానే చెప్పాడు, ఎక్కడానికి వేరే మనిషి ఉంటాడని. మాకు మాత్రం గుజరాత్ గుర్తొచ్చింది. 2018 మార్చిలో భావనగర్ జిల్లా టింబిలో 21 ఏళ్ళ దళిత యువకుణ్ణి చంపారు. గుర్రం కొనుక్కుని దానిమీద తిరుగుతున్నాడన్న కక్షతోనే చంపారని అతని తండ్రి పోలీసులకు చెప్పాడు. గుర్రం కిందున్నంతసేపు మనతో ఎవరికీ పేచీ లేదు.

పందెం రోజు అమ్మే రేసు పుస్తకం ఒకటి తెచ్చుకుని చదివాం. గుర్రం పేరు, రంగు, వయసు, దాని తండ్రి పేరు, తల్లి పేరు. యజమాని పేరు, ట్రైనరు పేరు, జాకీ పేరు, అతను వేసుకునే చొక్కా రంగులు. సైసు పేరు ఎక్కడా లేదు. గుర్రం గెలిస్తే పగ్గం పట్టుకోడానికి యజమాని వస్తాడు, ఫోటో తీస్తారు. హైదరాబాదులో ఈ పందేలు 1868లో మౌలాలిలో మొదలై 1886లో మలక్‌పేటకు వచ్చాయి. అంతకాలంగా గుర్రాల పక్కన నడిచినవాళ్ళ పేర్లు రెండు చెప్పండి చూద్దాం!

థరోబ్రెడ్ అంటే శుద్ధ రక్తం అని అర్థం చెప్తారు. లోకంలోని ఆ జాతి గుర్రాలన్నిటి మగ వరసా, మూడు వందల ఏళ్ళ కిందట ఇంగ్లండుకు తెచ్చిన మూడు మగ గుర్రాల దగ్గరికే పోతుందట. 1791 నుంచి దానికో పుస్తకం. ఆ పుస్తకంలో లేని గుర్రానికి పందెంలో చోటులేదు. చదువుతుంటే ఎక్కడో విన్న పద్ధతిలా లేదూ? పోనీ, గుర్రాన్ని గడియారం పెట్టి పరిగెత్తించి చూస్తారు. మనల్ని ఏ మైదానంలో పరిగెత్తించి చూసి పంచములని రాశారు?

ఇంకో ముచ్చట. మన దేశంలో రేసు గుర్రం ఏ నెలలో పుట్టినా వయసు లెక్కకు జనవరి 1నే పుట్టినరోజు. మన పిల్లలకూ అంతే. బర్త్ సర్టిఫికెట్ లేక, అడ్మిషన్ రిజిస్టర్లో జూన్ నెల తేదీ మేమే రాసేస్తాం. గుర్రం విషయంలో అసలు తేదీ కూడా ఇంకోచోట భద్రంగా ఉంటుంది.

1996లో సుప్రీంకోర్టు, గుర్రప్పందెం జూదం కాదు, నైపుణ్యం మీద నడిచే ఆట అంది. మంచిదే. ఎవరి నైపుణ్యం? వేడి కాలిని చీకట్లో పట్టిన అరచెయ్యి ఆ లెక్కలోకి వచ్చిందా? 2025 సెప్టెంబరు 22 నుంచి ఈ పందేల మీద జీఎస్టీ 40 శాతం. కాసిన ప్రతి రూపాయికీ సర్కారు దగ్గర లెక్క ఉంది.

రెండేళ్ళ కిందట ఈ పిల్లవాడి తండ్రిని గుర్రం తన్నింది. పక్కటెముకలు రెండు విరిగాయి. ఆ నెలలోనే గుర్రానికి కాలు వాస్తే స్కానింగు తీశారు, విశ్రాంతి ఇచ్చారు. ఇతనికి కొంత డబ్బు చేతిలో పెట్టి, బాగయ్యాక రమ్మన్నారు. ఇంట్లో ఉన్న రోజులకు జీతం లేదు. నియామకం కాగితం లేదు, ఈఎస్ఐ కార్డు లేదు. ధనుర్వాతం క్రిములు గుర్రపు లద్దెలో కూడా ఉంటాయి, చేతికి గాయమైతే సూదిమందు మాత్రం సొంత ఖర్చు. రేసు క్లబ్బులకు ఈఎస్ఐ చట్టం వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2004లో హైదరాబాద్ కేసులో చెప్పింది, 2014లో బెంగళూరు కేసులో మళ్ళీ చెప్పింది. ఆ చట్టం 2025 నవంబరులో సామాజిక భద్రతా కోడ్‌లో కలిసింది. గుర్రం యజమానిది, లైసెన్సు క్లబ్బుది, జీతం ట్రైనరుది. సైసు ఎవరి మనిషి? ఇతనికి ఇన్నాళ్ళూ ఎవరూ జవాబు చెప్పలేదు.

వీటన్నిటికంటే మమ్మల్ని కలతపెట్టింది వేరే మాట. "పోరడు బక్కగ, తేలిగ్గ ఉన్నడు, తీస్కరా, రైడింగ్ బాయ్‌ని చేద్దాం అన్నరు సార్" అన్నాడతను. పన్నెండేళ్ళ పిల్లవాడు. కడుపునిండా తిండిలేక ఎదగని ఒళ్ళు వాళ్ళకు అర్హతగా కనపడింది! గుర్రం మీద మోసే బరువు తక్కువుండాలి కదా. 14 ఏళ్ళలోపు పిల్లల్ని పనికి పెట్టుకుంటే నేరమని 2016లో సవరించిన చట్టం చెప్తోందని చెప్పాం. అతను తల ఊపాడు. "చదివిస్త సార్. కానీ నాకు మళ్ల దెబ్బ తగిలితే?" అన్నాడు. మా దగ్గర జవాబు లేదు.

మొన్న ఆదివారం మా ఇంటి వరండాలో కూర్చుని నలుగురు సైసుల తరఫున కార్మిక శాఖకు దరఖాస్తు రాశాం. నియామకం కాగితం, ఈఎస్ఐ, పీఎఫ్, ధనుర్వాతం సూది. నాలుగు అంశాలు రాసి ఆపితే అతను ఒకటి కలపమన్నాడు: "రేసు పుస్తకంలో గుర్రం పేరు కింద మా పేరు గూడ ఎయ్యమను సార్." మిగతా ముగ్గురూ నవ్వారు. ఐదో అంశంగా అదీ రాశాం. ముగ్గురు వేలిముద్ర వేశారు, అతను సంతకం చేశాడు. పోస్టులో పంపాం, అందినట్టు రసీదు ఇంకా రాలేదు. పిల్లవాడు బడికి వస్తున్నాడు. మొదటి పీరియడ్‌లో నిద్రపోతే లేపడం లేదు.