ఎక్కకుండా నడిపించే విద్య

గుర్రం వీపు బరువు మోయడానికి పుట్టింది కాదు. ఛాతీ భాగంలో పద్దెనిమిది వెన్నుపూసలు, నడుములో ఆరు, కింద బానలాంటి పొట్ట. నది మీదుగా కాలువను దాటించే పులిగడ్డ అక్విడక్టుకు ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా స్తంభాలున్నాయి. ఈ వెన్నుకు మాత్రం ముందొక ఆసరా, వెనకొక ఆసరా, మధ్యలో ఏమీ లేదు. ముందు ఆసరా కూడా ఎముకతో బిగించింది కాదు. మనిషి భుజాన్ని రొమ్ముకు కలిపే అడ్డ ఎముక గుర్రానికి లేదు కనుక, ఛాతీ అంతా రెండు భుజాల నడుమ కండరాల ఉయ్యాలలో వేలాడుతుంది. ఉయ్యాల సడలితే వీపు కుంగుతుంది. వీపు కుంగితే పూసల మీద నిక్కి ఉండే ముళ్లు, ముఖ్యంగా జీను కింద పడే పదమూడో పూస నుంచి పద్దెనిమిదో పూస దాకా, దగ్గరపడి ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయి. పశువైద్యులు దీన్ని ‘కిస్సింగ్ స్పైన్స్’ అంటారు. ముద్దు పేరులోనే, బాధలో లేదు.

నొప్పి ఉన్న గుర్రం కుంటనక్కర్లేదు. మాలిష్ చేస్తుంటే చర్మం వణుకుతుంది. కడుపు పట్టీ బిగించగానే చెవులు వెనక్కి పెడుతుంది, కరవబోతుంది. వెనక్కి నడవమంటే మొరాయిస్తుంది. చూసినవాళ్లు దానికి పెట్టే పేరు పొగరు, చేసే వైద్యం చర్నాకోల. కొనేటప్పుడు సుడులన్నీ లెక్కపెట్టి శుభాశుభాలు తేల్చే పెద్దమనుషులు వెన్ను మీద ఒకసారి చెయ్యి వేసి చూడరు. మనుమంచి భట్టు హయలక్షణ విలాసం రాసి అశ్వశాస్త్రాన్ని తెలుగు పద్యాలకెక్కించిన భాషలో ఈనాటికి మిగిలింది సుడుల పిచ్చి ఒక్కటే.

మొదటి పని రోగం ఎక్కడుందో తేల్చడం. వీపునొప్పి చాలాసార్లు వీపులో పుట్టదు. పెరిగిన డెక్కలు, ఆరు నుంచి ఎనిమిది వారాలకు మార్చాల్సి ఉండగా నెలల తరబడి వదిలేసిన లాడాలు, వెనక కాళ్ల కీళ్లు, పళ్లు, పక్కకు ఒరిగిన జీను: వీటిలో ఏది చెడినా దాని భారం చివరికి నడుం మీదే పడుతుంది. అందుకే పశువైద్యుడు చూడకముందే కసరత్తులు మొదలుపెట్టకూడదు. ఇక్కడ కృష్ణా డెల్టాలో, గుడివాడ లాంటి ఊరికి గన్నవరం పశువైద్య కళాశాల దూరమేమీ కాదు.

తర్వాతది విశ్రాంతి. విశ్రాంతి అంటే గుర్రాన్ని కట్టుగొయ్య దగ్గర నిలబెట్టడం అనుకుంటారు. కదలని గుర్రానికి కండ కరుగుతుంది, కండ కరిగితే వెన్ను ఇంకా కుంగుతుంది. వైద్యుడు కట్టెయ్యమన్నన్ని రోజులు పోగా మిగిలిన కాలమంతా నడకే మందు.

పేచీ వచ్చేది ఇక్కడే. యజమానికి వయసు మీద పడింది, లేదా మోకాళ్లు పోయాయి, లేదా ఆయన నడుమే పట్టేసింది, ఎక్కలేడు. వెంటనే పదిమందీ చెప్పే మాట, ఎక్కేవాడు లేని గుర్రం ఎందుకు, అమ్మెయ్యమని. శ్రావణం ముహూర్తాలు మొదలయ్యే వారంలో ఈ సలహా మరీ గట్టిగా వినిపిస్తుంది, ఎందుకంటే కొనేవాళ్లు పెళ్లి ఊరేగింపుల కోసం సిద్ధంగా ఉంటారు. నొప్పి ఉన్న వీపుకు ఇంతకంటే చెడ్డ సలహా లేదు. ఎక్కలేని యజమాని దొరకడం ఆ గుర్రం అదృష్టం. బందరులో జట్కాలు తిరిగిన రోజుల్లో గుర్రాన్ని రోజంతా నడిపినవాడు దాని వీపెక్కలేదు. పగ్గం వెంట చేతిని, గొంతును పంపి ఆపాడు, తిప్పాడు, పరుగెత్తించాడు. ఇప్పుడు విదేశీ శిక్షకులు ‘లాంగ్ రీనింగ్’ పేరుతో నేర్పేది బండి తీసేసిన జట్కా విద్యే. 2012 పశుగణనలో దేశంలో గుర్రాలు, పోనీలు కలిపి 6.25 లక్షలు. 2019లో 3.42 లక్షలు. ఏడేళ్లలో సగానికి దగ్గరగా పోయాయి. గుర్రంతోపాటు పోయిన చేతుల్ని ఏ గణనా లెక్కపెట్టలేదు.

చేయాల్సిన పని వరసలో ఇది. మొదటి రెండు మూడు వారాలు చేత్తో పట్టుకుని సూటిగా, చురుగ్గా నడిపించాలి. తల కిందికి వదలాలి, ఎందుకంటే మెడ దిగితే మెడనుంచి వెన్నుకు సాగే పెద్ద లిగమెంటు బిగిసి వీపును పైకి లాగుతుంది. దాంతోపాటు క్యారెట్టు కసరత్తు. క్యారెట్టు ఆశ చూపి గడ్డాన్ని రొమ్ము దగ్గరికి, మోకాళ్ల నడుమకు, ముందు గిట్టల దాకా, ఆపైన రెండు పక్కలా డొక్కల వరకు తిప్పించి, ఒక్కో భంగిమలో కొన్ని క్షణాలు నిలపాలి. అమెరికాలో హిలరీ క్లేటన్ బృందం 2011లో ప్రచురించిన పరిశోధనలో ఎనిమిది గుర్రాలకు ఒక్కో భంగిమ అయిదేసిసార్లు, వారానికి అయిదు రోజులు, మూడు నెలలు చేయించారు. పూసలను అంటిపెట్టుకుని ఉండే లోపలి కండ పెరిగినట్టు స్కానింగులో తేలింది. ఒక్కరూ ఎక్కలేదు. క్యారెట్టుకు బదులు చెరకు ముక్కకూ మెడ అంతే వంగుతుంది.

ఆ తర్వాత నేల మీద పరిచిన గుంజలు దాటించడం. తీరం పొడుగునా సరుగుడు తోటలున్న ఈ ప్రాంతంలో గుంజలకు కరువు లేదు. మామూలు గుర్రానికి రెండున్నర అడుగుల ఎడం, పొట్టిదానికి ఇంకొంచెం తక్కువ. అడుగెత్తి వేసినప్పుడల్లా పొట్ట కండ బిగుస్తుంది, వీపు లేస్తుంది. చిన్న గుండ్రంలో గిరగిరా తిప్పడం మాత్రం కూడదు. అది చూడ్డానికి సర్కస్, కీళ్లకు శిక్ష.

అసలు చిక్కు నేలతో. నడుం గట్టిపడాలంటే కొద్దిపాటి ఎత్తు ఎక్కి దిగాలి. డెల్టాలో కొండ లేదు. ఉన్న ఎత్తల్లా కాలువగట్టు, కృష్ణ కరకట్ట. మంగినపూడి తీరం ఇసుక కంటే నల్లమట్టి తీరం. తడి బురదలో దిగబడితే కాళ్ల స్నాయువులు దెబ్బతింటాయి. పాలకాయతిప్ప వైపు అల తడిపిన గట్టి ఇసుక మేలే, కానీ గుడివాడ గుర్రం అంత దూరం ఎలా పోతుంది? కాబట్టి మట్టి గట్టే దిక్కు. ఆ గట్ల మీద సిమెంటు పోసి, పోయని చోట చెత్త పోసి, అదీ కాకపోతే పాకలు వేసి, డెల్టా పట్టణాలు నడవడానికి జానెడు మట్టి మిగల్చడం లేదు. గుర్రం సంగతి సరే, షుగరు వచ్చిన మనిషికి నడవమని రాసిచ్చే డాక్టరు ఎక్కడ నడవాలో రాయడు. ప్రతి కాలువకూ ఒక పక్కనైనా మట్టి దారి వదలడం పంచాయతీలకు, మునిసిపాలిటీలకు ఖర్చులేని పని. ఖర్చులేదు గనకే ఎవరికీ పట్టదు కాబోలు.

గుర్రం తన బరువులో అయిదో వంతుకు మించి మోయకూడదన్నది సాధారణ లెక్క. మూడువందల యాభై కిలోల గుర్రానికి అది డెబ్బై. పోనీ వీపు మీద డెబ్బై కిలోలు మించరాదని 1965 నాటి కేంద్ర నిబంధనలే చెబుతున్నాయి. ముప్ఫై ఏడు డిగ్రీలు దాటితే మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు వరకు పని చేయించరాదనీ వాటిలోనే ఉంది. ఇక పెళ్లి ఊరేగింపు చూడండి: పెళ్లికొడుకు ఎనభై కిలోలు, జరీ జీను, ముందు కూర్చున్న తోడు పెళ్లికొడుకు, తారు రోడ్డు, చెవిపక్కన డీజే. బంధువులు డాన్సు చేస్తున్నంతసేపూ గుర్రం కదలకుండా నిలబడాలి. వీపుకు నడక కంటే ఈ నిలబడటమే చేటు. ఇంతా చేసి ఇది ఇక్కడి ఆచారమూ కాదు, టీవీలోంచి దిగిన ముచ్చట.

ఇక మేత. పనిలేని గుర్రానికి ఉలవ గుగ్గిళ్లు తగ్గించాలి. కూచోబెట్టి మేపి ఒక్కసారిగా పనిలో పెడితే నడుము, తొడలు కొయ్యలా బిగుస్తాయి. వట్టి వరిగడ్డి, తవుడు మీదే పెంచితే భాస్వరం ఎక్కువై సున్నం చాలక ఎముక గుల్లవుతుంది. వరి కోసిన చేలో చల్లే పిల్లిపెసర మంచి మేత. జనుము జాతి పక్కన పెట్టాలి. ఉలవల విషయంలో ఇంకో మాట ఉంది. కృష్ణా జిల్లాలో ఎద్దులకు ఉలవలు ఉడకేసి, గింజ పశువుకు పెట్టి, మిగిలిన కట్టుతో మనిషి చారు కాచుకునేవాడు. ఇప్పుడు అదే చారు సీసాలకెక్కి, మీగడ వేసి, పెళ్లి విందులో మొదటి వరస వంటకమైంది. విస్తట్లో ఉలవచారు ఉంటుంది. గేటు బయట ఊరేగింపు దించి నిలబడ్డ గుర్రం ముందు తవుడు బక్కెట్టు ఉంటుంది.

మొత్తం పని మూడు నుంచి ఆరు నెలలు. ఆపైన ఎవరైనా ఎక్కాలనుకుంటే తేలికైనవారు పది నిమిషాలతో మొదలుపెట్టాలి. ఎవరూ ఎక్కకపోయినా గుర్రానికి లోటు లేదు, పైన చెప్పిన లాంగ్ రీనింగ్ పగ్గాల పని సాగితే చాలు. ఏడెనిమిది మీటర్ల పగ్గాలు రెండు కావాలి. నైలాను తాడు చేతులు కోస్తుంది. నూలు నవారు మేలు.