పటమున గానరాని రాయబారి



రాయబారమనగానే మనకు ఉద్యోగపర్వము జ్ఞప్తికి వచ్చును. సంజయుడు వచ్చుట, శ్రీకృష్ణుడు పోవుట తిక్కన సోమయాజి వాక్కున చదివినవారు మరువజాలరు. ద్రౌపది తన కురులను జూపి తన దుఃఖమును జెప్పుకొన్నదిగాని, కౌరవసభకు రాయబారిగా పోయినది యామె కాదు. ఈ మాసమున స్త్రీ నడపిన రాయబారము నొకదానిని గూర్చి వ్రాయదలచితిని.

మావారు పాఠశాలనుండి తెచ్చిన చరిత్రగ్రంథములో ఒక ఛాయాచిత్రము కలదు. ఒక ప్రక్క ఆంగ్ల సైనికాధికారులు, వారి కెదురుగ పొడవుకోటు తొడిగిన పురుషు డొకడు. అతడు పాట్రిక్ పియర్సు. ఐర్లండు స్వాతంత్ర్యమునకై 1916వ సంవత్సరము ఏప్రిలు 24వ తేదీన డబ్లిను నగరమున లేచిన తిరుగుబాటునకు నాయకుడు. వృత్తిచే బడి నడపిన పంతులు. (మావారికి ఆ పుటపై నంత మక్కువ యేలనో ఇందుచే తెలిసినది.) పియర్సు ప్రక్కన నేలమీద రెండు పాదములు మాత్రము కనబడుచున్నవి, వాని పైన మనిషి లేదు. అవి యెవరివని యడిగితిని. మావారికిని తెలియలేదు. ఇరువురమును వెదకితిమి.

ఐర్లండు పండ్రెండవ శతాబ్దమునుండి ఆంగ్లేయుల పెత్తనము నెరిగిన ద్వీపము. 1845లో బంగాళాదుంపల పంటకు తెగులు సోకి వచ్చిన క్షామమున పదిలక్షలమంది గతించిరి. అంతమందియు ఓడలెక్కి దేశాంతరము పోయిరి. 1914లో పార్లమెంటు స్వపరిపాలన శాసనమును చేసియు, యుద్ధము నెపమున నిలిపివేసెను. పియర్సు పెద్ద తపాలా కార్యాలయము వాకిట నిలిచి చదివిన స్వాతంత్ర్య ప్రకటన పురుషులతోపాటు స్త్రీలను గూడ సంబోధించినది. స్త్రీపురుషు లెల్లరి వోటుచే నేర్పడు ప్రభుత్వమును వాగ్దానము చేసినది. ఆనాటికి ఇంగ్లండులోనైనను స్త్రీలకు పార్లమెంటు వోటు లేదు. ఈ మాటను జ్ఞాపకముంచుకొనుడు. దీనితో మరల పని కలదు.

అయిదు దినములు పోరు జరిగెను. ఫిరంగుల దెబ్బకు తపాలా కార్యాలయ మంటుకొనగా, తిరుగుబాటుదారులు మూరు వీథిలోని యిండ్లలో తలదాచుకొనిరి. వారితో నిలిచిన స్త్రీలు మువ్వురే: వినిఫ్రెడ్ కార్నీ, జూలియా గ్రెనన్, ఎలిజబెత్ ఓఫారెల్. వీథిలో నిరాయుధులైన పౌరులు గుండ్లకు కూలుట జూచి, ఇక చాలునని పియర్సు తలచెను. ఆ వార్తను శత్రువునకు చేర్పవలసినది యెవరు? 29వ తేదీ శనివారము మధ్యాహ్నము ఎలిజబెత్ తెల్లగుడ్డ చేతబట్టి, రెడ్‌క్రాసు గుర్తు ధరించి, ఒంటరిగ వీథిలోనికి అడుగిడెను. అవతలి అధికారి యొకడు ఈమె గూఢచారిణి యని ఆ గుర్తును కోయించివేసెను. ఆమె వెనుదీయలేదు. జనరల్ లో కడకు పోయి సందేశము జెప్పెను, షరతులు లేక లొంగవలెనన్న యతని యుత్తరము నందుకొని అదే వీథివెంట తిరిగి వచ్చెను, మరల పోయెను. తుదకు పియర్సుతోగూడ నడచి అతని ప్రక్కన నిలిచినపుడు తీసినదే ఆ ఛాయాచిత్రము. తానే వెనుకకు జరిగెనని చెప్పుదురు. తరువాత కొన్ని ముద్రణములలో ఆ పాదములను గూడ చెరపివేసిరి!

పని అంతటితో ముగియలేదు. లొంగుబాటు ఆజ్ఞను నగరమున వేర్వేరు చోట్ల పోరాడుచున్న దళములకు చేర్చినదియు నామెయే. గుండ్లు పడుచున్న వీథులలో మరునాడంతయు తిరిగెను. బోలండు మిల్లులో నున్న దళనాయకుడు డీ వలేరా ఆమె తెచ్చిన కాగితమును మొదట నమ్మలేదు. తన దళములో స్త్రీలు వలదన్న నాయకుడాయన యొక్కడే.

మే నెలలో పదునేనుగురిని తుపాకులతో కాల్చిరి. గాయపడి నిలువలేని కోనలీని కుర్చీలో కూర్చుండబెట్టి కాల్చి రన్న వార్త విని, తిరుగుబాటును తిట్టినవారే కంట నీరు పెట్టిరి. మార్కివిచ్ దొరసానికి స్త్రీ యను కారణముచే మరణశిక్ష యావజ్జీవముగ మారెను. ఆమె 1918లో బ్రిటిషు పార్లమెంటునకు ఎన్నికైన మొదటి స్త్రీ యయ్యును, ఆ సభలో కాలిడలేదు. పిదప జరిగిన యుద్ధము, 1921 సంధి, ద్వీపము రెండుగ చీలుట, అన్నదమ్ముల పోరు మీరెరిగినవే.

1922 రాజ్యాంగము స్త్రీలకు సమానమైన వోటు నిచ్చెను. ఇంగ్లండు 1928 వరకు ఇయ్యలేదు. ఇంతవరకు మాట నిలిచినది. కాని 1934 మొదలు ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయినులు పెండ్లియాడినచో ఉద్యోగము వదలవలెనన్న నిబంధన వచ్చి, 1958 వరకు నిలిచెను. డీ వలేరా ప్రధానియై 1937లో చేయించిన రాజ్యాంగమున, స్త్రీ గృహజీవితముచే రాజ్యమునకు అండయగుచున్నదనియు, తల్లులు లేమిచే ఇంటిపని మాని బయటిపనికి పోవలసిన యక్కర లేకుండ రాజ్యము యత్నింపవలెననియు వ్రాసిరి. చదువుటకు ఇంపుగనే యున్నది. నేనును గృహిణినే, పొయ్యిదగ్గరి పనిని తక్కువగ నెన్నడు నెంచలేదు. ఐనను మనము వంట చేయుట వేరు, మన చోటు వంటయింటనని యితరులు శాసనమున వ్రాయుట వేరు. ఇంటిలోని తల్లికి రాజ్యము నెలకింత యిచ్చినదా యనిన, ఆ వాక్యమువలన నట్టి దేమియు రాలేదు.

ఆనాడే దీని నెదిరించినవారిలో హన్నా షీహీ స్కెఫింగ్టన్ ముఖ్యురాలు. ఆమె భర్త హింసను మెచ్చనివాడు. 1916లో దోపిడీల నాపబోయి పట్టువడగా, విచారణ లేకయే సైనికులు కాల్చిరి. ప్రభుత్వము పరిహారముగ ద్రవ్యమిత్తు మనగా ఆమె త్రోసిపుచ్చెను. 1908లో ఐర్లండున స్త్రీల వోటునకై సంఘము స్థాపించినపుడు ఆమెతో చేయి కలిపిన స్నేహితురాలు మార్గరెట్ కజిన్స్, మన మదనపల్లెకు వచ్చి పాఠములు చెప్పిన యమ్మయే! 1919లో రవీంద్రుడు అచ్చటికి వచ్చినపుడు జనగణమన గీతమునకు స్వరములు వ్రాసిపెట్టినదియు నామెయే.

ఆ వాక్యమును మార్చుటకై 2024 మార్చి 8న ఐర్లండు ప్రజల నడిగిరి. వోటు వేసినవారిలో నూటికి 73 మందికి పైగా వలదనిరి. దాని స్థానమున పెట్టదలచిన మాటలు మరింత బలహీనమని తలచిన స్త్రీలును వారిలో కలరు. కావున డీ వలేరానాటి వాక్యము అట్లే యున్నది. ఎలిజబెత్ డబ్లినులో మంత్రసానియై బహుకాలము పురుళ్ళు పోసి, 1957లో గతించెను.

మార్గరెట్ కజిన్స్ మన రాష్ట్రములలో స్త్రీల వోటునకై చేసిన కృషిని వచ్చు మాసమున వ్రాయుదును.