హద్దురాయి ఎవరి పక్షం?

ఈమధ్య ఒక సదస్సులో ప్రాచీన గ్రీకు ప్రజాస్వామ్యం మీద ఓ పెద్దాయన పత్రం చదివారు. ఏథెన్స్‌లో అగోరా, అంటే ఊరి నడిబొడ్డున ఉండే సభాస్థలం, దాని తవ్వకాల్లో దొరికిన హద్దురాయి బొమ్మ తెరమీద చూపించారు. "చూడండి, భూమి లెక్క రాజుగారి పెట్టెలో లేదు, వీధిలో ఉంది. అందరూ చదువుకోవచ్చు" అన్నారు. అందరం చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను. ఇంటికొచ్చాక ఆ 'అందరూ' దగ్గర ఆగిపోయాను.

క్రీ.పూ. 500 ప్రాంతపు ఆ రాయి తాను అగోరా హద్దునని స్వయంగా చెప్పుకుంటుంది, ఉత్తమ పురుషలో. మన వ్యాకరణం 'నేను'కి ఎంత సరైన పేరు పెట్టింది! ఏథెన్స్‌లో రాయి 'నేను' అనగలిగింది. స్త్రీ న్యాయస్థానంలో నిలబడి 'నేను' అనలేదు. ఆమె తరపున తండ్రో, భర్తో, కొడుకో మాట్లాడాలి. ఒక మెడిమ్నస్ బార్లీ, అంటే సుమారు 50 లీటర్ల కొలత, అంతకు మించిన విలువకి ఒప్పందం చేసుకునే హక్కు చట్టం ఆమెకి ఇవ్వలేదు.

ఇక పొలాల్లో పాతిన రాళ్ల సంగతి. ఏథెన్స్‌కి కేంద్ర భూమి రిజిస్టరు లేదు. పొలమో ఇల్లో తాకట్టులో ఉంటే కొనబోయేవాళ్లకి తెలియడానికి అక్కడే రాయి పాతేవారు. అలాంటివి 200కి పైగా దొరికాయి. వాటిలో చాలా రాళ్లు కట్నానికి సంబంధించినవి. పెళ్లి చెడితే కట్నం పుట్టింటికి తిరిగి చేరాలి. దానికి హామీగా భర్త తన భూమి చూపించేవాడు. ఒక రాయిమీద ల్యూకోనోయోన్‌కి చెందిన డెమోఖారెస్ కూతురు హిప్పోక్లేయా పేరుంది. కట్నం ఒక టాలెంట్, అంటే 6000 ద్రాక్మాలు. రోజుకో ద్రాక్మా చొప్పున సంపాదించే మనిషికి పదహారేళ్ల కష్టం. ఆ భూమి విలువలో ఇంకా మిగిలేది ఉంటే అది మరో మూడు బృందాలకి తాకట్టు అని కూడా అదే రాయి చెబుతుంది.

హిప్పోక్లేయా పేరు చూసి నేను మొదట సంబరపడ్డాను. మర్యాదస్తురాలైన స్త్రీ బతికుండగా కోర్టు ప్రసంగాల్లో ఆమె పేరెత్తడానికే జంకిన ఊరది. కానీ ఆ పేరు ఎక్కడుంది? తండ్రి పేరుకీ కట్నం అంకెకీ మధ్య. ఆ రాయి ఆమె పొలానికి హద్దు చెప్పడం లేదు. ఆమెతో పాటు చేతులు మారిన సొమ్ము ఎంతో చెబుతోంది.

"రక్షణే కదమ్మా" అంటారు. నిజమే, కాదనను. భర్త అప్పులవాళ్లు ఆ కట్నాన్ని మింగకుండా ఆ రాయి కొంత అడ్డుకుంది. కానీ రక్షణ వేరు, హక్కు వేరు. పసుపుకుంకుమ కింద ఇచ్చామన్న పొలం పాస్‌బుక్కు ఎవరి పేర ఉందో అడిగి చూసిన ఆడవాళ్లకి ఈ తేడా ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

"ఆ కాలం అలాంటిది" అన్నది రెండో సమాధానం. ఏ కాలం? సుమారు అదే క్రీ.పూ. 5వ శతాబ్దంలో క్రీట్ దీవిలోని గోర్టిన్ నగరం తన చట్టాన్ని గోడమీద చెక్కించింది. పన్నెండు నిలువు వరసల రాత అది. అందులో కొడుకుకి రెండు పాళ్లు, కూతురికి ఒక పాలు. సమానం కాదు, కానీ వాటా. భార్య ఆస్తిని భర్త అమ్మకూడదు, తాకట్టు పెట్టకూడదు. విడిపోతే ఆమె తెచ్చుకున్నది ఆమెదే, తన చేత్తో నేసినదాంట్లో సగం కూడా. అదేమీ స్వర్గం కాదు. స్వతంత్ర స్త్రీపై అత్యాచారానికి ఒక జరిమానా, దాసీపై అయితే అందులో చిన్న ముక్క. అయినా ఏథెన్స్ దారి ఒక్కటే దారి కాదని ఆ గోడ సాక్ష్యం చెబుతోంది. స్పార్టాలో ఐదింట రెండు వంతుల భూమి స్త్రీల చేతుల్లో ఉందని అరిస్టాటిల్ రాశాడు. మెచ్చుకుంటూ కాదు, ఆ రాజ్యపు లోపాల పద్దులో.

సోలోన్‌ని చూడండి. భూమాత ఒంటిమీద పాతిన రాళ్లు పీకేసి, బానిసగా ఉన్న ఆమెని విడిపించానని తన పద్యాల్లో గొప్పగా చెప్పుకున్నాడు. ప్లూటార్క్ ప్రకారం అదే సోలోన్ చట్టం, పెళ్లికాకుండా పురుషుడితో పట్టుబడిన కూతుర్ని అమ్ముకునే వీలు తండ్రికి మిగిల్చింది. కవిత్వంలో స్త్రీ అయిన భూమికి విముక్తి దొరికింది. ఇంట్లో ఉన్న స్త్రీకి దొరకలేదు. సాహిత్యం చదువుకున్నదాన్ని, ఆ పద్యాన్ని ఎన్నోసార్లు మెచ్చుకున్నదాన్ని, ఇది రాయడానికి సిగ్గుగా ఉంది.

బహిరంగంగా రాసినంత మాత్రాన అది ప్రజలందరిదీ అయిపోదు. ఆ రాయి ఎవరు పాతారు, ఎవరు పీకగలరు, దాన్ని చూపించి ఎవరు కోర్టుకెక్కగలరు? తరగతిలో ప్రజాస్వామ్యం పాఠం చెప్పే మనం ముందు ఈ మూడు ప్రశ్నలూ అడుగుదాం. ఆ రోజు సదస్సులో నేను అడగలేదు. చప్పట్లు కొట్టి ఊరుకున్నాను. ఆ తప్పు దిద్దుకోవడానికే ఇదంతా రాశాను.