హార్డ్‌డిస్కును నమ్మే ముందు

నిఖా నాటి వీడియోలు, పిల్లల తొలి అడుగుల ఫోటోలు, ఇంటి దస్తావేజుల ప్రతులు, ఇప్పుడు మన మధ్య లేని నానీమా గొంతు... నేడు ఎన్నో కుటుంబాల్లో ఇవన్నీ ఒకే ఒక్క హార్డ్‌డిస్కులో ఉంటున్నాయి. బీరువా కొనేటప్పుడు తాళం తిప్పి చూస్తాం, కుండ కొనేటప్పుడు తట్టి చూస్తాం. డిస్కును మాత్రం డబ్బాలోంచి తీసిన సాయంత్రమే సర్వస్వం అందులోకి ఎక్కించి, ఫోనులోని అసలు ప్రతులను చెరిపేస్తాం. లినక్స్ వాడే ఇళ్లలో డిస్కును పరీక్షించే సాధనాలన్నీ ఉచితంగానే లభిస్తాయి. కావలసిందల్లా ఒకటి రెండు రోజుల ఓపిక. ఇక్కడ మేము చెబుతున్నది లోపల పళ్లెం తిరిగే డిస్కుల గురించి మాత్రమే. ఎస్‌ఎస్‌డీల తీరు వేరు.

ప్రతి డిస్కూ తన ఆరోగ్యం లెక్కను తానే రాసుకుంటుంది. దీన్ని 'స్మార్ట్' అంటారు. 'స్మార్ట్‌మాన్‌టూల్స్' అనే ప్యాకేజీలోని 'స్మార్ట్‌సీటీఎల్' ఆజ్ఞతో ఆ లెక్కను తెరపై చదవవచ్చు. ఆజ్ఞలు టైపు చేయడం అలవాటు లేనివారు ఉబుంటులోని 'డిస్క్స్' అప్లికేషన్‌ను తెరిచి చూసుకోవచ్చు.

అక్కడ ముందుగా కనిపించేది 'పాస్డ్' అనే మాట. చాలామంది దానితో తృప్తిపడి ఆగిపోతారు. మా దృష్టిలో ఆ ఒక్క మాటకు విలువ తక్కువ. తయారీదారు గీసిన గీత దాటేవరకూ డిస్కు తాను క్షేమమనే చెబుతుంది. ఆ గీత చాలా ఉదారంగా గీసినది. చదవవలసింది కింది పట్టికలోని ముడి సంఖ్యలను. 5వ వరుస, పాడైపోగా పక్కనపెట్టి, వాటి స్థానంలో అదనపు చోటు కేటాయించిన సెక్టార్ల లెక్క. 197వ వరుస, చదవడానికి మొరాయిస్తూ, ఇంకా తీర్పు పడని సెక్టార్లది. 198వ వరుస, డిస్కు తనను తాను తనిఖీ చేసుకున్నప్పుడు చదవలేకపోయిన వాటిది. కొత్త డిస్కులో ఈ మూడూ సున్నాగా ఉండాలి. 199వ వరుస పెరుగుతుంటే నేరం తరచుగా డిస్కుది కాదు, కేబులుది. కేబులు మార్చి చూడండి. పాత సంఖ్య తగ్గదు, కానీ ఇక పెరగకుంటే చాలు. 1వ వరుసలో కొన్ని కంపెనీల డిస్కులు కోట్లలో అంకెలు చూపుతాయి. అది వారు లెక్క రాసే పద్ధతి, దానికి కంగారు అక్కరలేదు.

9వ వరుస డిస్కు ఎన్ని గంటలు నడిచిందో చెబుతుంది. ఏడాదికి 8760 గంటలు. కొత్తదని కొన్న డిస్కు 20,000 గంటలు చూపితే అది రెండేళ్లకు పైగా ఎక్కడో రాత్రింబగళ్లు పనిచేసి వచ్చిందన్నమాట. ఈ అంకెను కూడా దిద్దగలవారున్నారు. 2025 ఆరంభంలో జర్మనీలో కొత్తవిగా అమ్ముడైన సీగేట్ డిస్కులు కొన్ని నిజానికి వేల గంటలు వాడినవని బయటపడింది. స్మార్ట్ లెక్కను ఎవరో సున్నా చేశారు. కానీ ఆ డిస్కుల్లో 'ఫార్మ్' అనే మరొక లెక్క ఉంటుంది, అది గుట్టు విప్పింది. స్మార్ట్‌సీటీఎల్ ఇటీవలి రూపాలు దాన్నీ చదవగలవు. సరుకులోని లోపాన్ని దాచి అమ్మరాదన్నది మన ఇళ్లలో పిల్లలకు సైతం తెలిసిన విషయమే. మీరు మీ పాత డిస్కును అమ్మేటప్పుడు ఈ పట్టికను కాగితంపై ముద్రించి కొనేవారి చేతికివ్వండి.

లెక్క చూశాక పరీక్ష. స్మార్ట్‌లోనే 'షార్ట్', 'లాంగ్' అని రెండున్నాయి. మొదటిది రెండు నిమిషాల పని, దానితో తేలేది తక్కువ. రెండవది పళ్లెం మొదటి నుండి చివరి దాకా చదువుతుంది. గంటల తరబడి సాగుతుంది కానీ దేన్నీ చెరపదు. ఆ సమయంలో కంప్యూటరును వాడుకోవచ్చు.

ఖాళీ డిస్కుకు ఇంతకన్నా కఠినమైనది 'బ్యాడ్‌బ్లాక్స్'. దీని రాత పరీక్ష డిస్కు నిండా ఒక నమూనాను రాసి, తిరిగి చదివి సరిచూస్తుంది. ఇలా నాలుగు నమూనాలు, మొత్తం ఎనిమిది సార్లు. సెకనుకు 150 మెగాబైట్ల వేగంతో 1 టెరాబైటు డిస్కుకు సుమారు 15 గంటలు పడుతుంది. ఇది డిస్కులోని సమస్తాన్నీ తుడిచివేస్తుంది గనుక ముందుగా 'ఎల్‌ఎస్‌బీఎల్‌కే' ఆజ్ఞతో డిస్కుల పేర్లు, పరిమాణాలు చూసి, ఏది ఏదో రూఢి చేసుకోవాలి. 4 టెరాబైట్లకు మించిన డిస్కులకు బ్లాకు పరిమాణం 4096 అని చెప్పడం మంచిది. ముగిశాక 5, 197, 198 వరుసలను మళ్లీ చూడండి. పరీక్షకు ముందు సున్నా ఉన్న అంకె కదిలితే, వాపసు గడువు ముగియకముందే ఆ డిస్కును దుకాణానికి తిరిగి ఇచ్చేయాలి.

వేగం విషయంలో మోసపోవడం సులభం. 'హెచ్‌డీపార్మ్' చదివేది డిస్కు ఆరంభంలో కొన్ని సెకన్లే. అది పళ్లెం వెలుపలి అంచు, అన్నిటికన్నా వేగమైన చోటు. లోపలి అంచుకు చేరేసరికి వేగం దాదాపు సగానికి పడిపోతుంది. డిస్క్స్ అప్లికేషన్‌లోని 'బెంచ్‌మార్క్' ఆ గీతను బొమ్మగా చూపుతుంది. గీత మెల్లగా కిందికి జారడం సహజం. మధ్యలో లోతైన గుంటలు, మళ్లీ పరీక్షించినా అదే చోట కనిపిస్తే అనుమానించాలి. 'డీడీ'తో రాసి చూసేవారు మరొకటి గమనించాలి. లినక్స్ రాతను ముందు మెమరీలో ఉంచుకొని, తర్వాత తీరికగా డిస్కుకు పంపుతుంది. అందుకే 'ఎఫ్‌డేటాసింక్' షరతు పెట్టకపోతే వచ్చే అంకె డిస్కుది కాదు, మెమరీది. కాపీ అయిపోయిందనగానే డిస్కును లాగేస్తే ఫైళ్లు సగంలో తెగిపోవడానికీ కారణం ఇదే.

ఇన్ని పరీక్షల్లో నెగ్గిన డిస్కు కూడా హఠాత్తుగా ఆగిపోవచ్చు. గూగుల్ ఇంజినీర్లు లక్షకు పైగా డిస్కులను పరిశీలించి 2007లో ప్రచురించిన పత్రం ఈ విషయంలో కళ్లు తెరిపించేది. పూర్తి తనిఖీలో తొలి లోపం కనిపించిన డిస్కు తర్వాతి 60 రోజుల్లో చెడిపోయే అవకాశం, లోపం లేనివాటితో పోలిస్తే 39 రెట్లు ఎక్కువని వారు గుర్తించారు. కానీ చెడిపోయిన డిస్కుల్లో సగానికి పైగా వాటిలో, అపాయాన్ని గట్టిగా సూచించే నాలుగు లెక్కలూ సున్నాలోనే ఉన్నాయి. అంటే చెడు సంకేతాన్ని నమ్మవచ్చు, మంచి సంకేతాన్ని అంతగా నమ్మరాదు. నానీమా గొంతు రెండవ డిస్కులో, వీలైతే మరొక ఇంట్లో కూడా ఉండాలి.

పరీక్ష జరిగిన తేదీ, గంటలు, ఆ మూడు అంకెలు ఒక చీటీపై రాసి డిస్కుకు అంటించి, రెండు మూడు నెలలకొకసారి పోల్చి చూడండి. 5వ వరుసలో 8 ఉండి, ఏడాది గడిచినా అది 8గానే ఉంటే ఆ డిస్కును సినిమాలకో, పాటలకో వాడుకోవచ్చు. నెలలో 8 కాస్తా 40 అయితే ఇక పరీక్షలు కట్టిపెట్టండి. దీర్ఘ పరీక్ష కొనఊపిరితో ఉన్న డిస్కును మరింత అలసటకు గురిచేస్తుంది. ముందు ఫైళ్లను వేరే చోటికి తీయాలి. మామూలు కాపీ మధ్యలో నిలిచిపోతుంటే 'డీడీరెస్క్యూ' వాడండి. అది చదవగలిగినదంతా ముందు తీసుకొని, మొరాయించే చోట్లను చివరికి వాయిదా వేస్తుంది.